వరండా గోడమీద షావుకారి పేరు

మన పల్లెల్లో కొత్త సంవత్సరం వస్తున్నదంటే ఎరువుల కొట్టువారు, బట్టల కొట్టువారు, బంగారు కొట్టువారు కేలండర్లు ఇస్తారు. పైన బొమ్మ, మధ్య తేదీలు, అన్నిటికన్న పెద్ద అక్షరాలతో కొట్టు పేరు. అవసరమున్నా లేకున్నా తెచ్చుకుంటాము, మేకు కొట్టి తగిలిస్తాము. కొన్నిటిమీద కార్తెలు కూడా అచ్చువేస్తారు గనుక రైతు ఇంట్లో అది వానల లెక్కకు పనికివస్తుంది.

అమెరికా దేశపు పల్లెల్లో, చిన్న పట్టణాల్లో వ్యాపారులు కేలండర్లతో ఆగలేదు. 19వ శతాబ్దం చివరి రోజుల నుండి 20వ శతాబ్దంలో చాలాకాలం వరకు వాతావరణాన్ని కొలిచే పనిముట్లను కూడా తమ పేరు వేయించి ఊరికే పంచిపెట్టారు. వాటిలో ఎక్కువ భాగం థర్మామీటర్లు. అక్కడక్కడ బారోమీటర్లు. వీటితోపాటు గాలిలో తేమను బట్టి రంగు మారే బొమ్మల కార్డులు. ఈ నెల మా పాఠకులకు వాటిని గురించి చెప్పాలనుకున్నాము. చూడ ముచ్చటైన పాత వస్తువులని మాత్రమే కాదు. వాటిలో ఇప్పటి సంగతి చెప్పేవి కొన్ని, రేపటి సంగతి చెప్పగలిగేవి కొన్ని, చెప్పినట్టు నటించేవి కొన్ని ఉన్నాయి. ఏది ఏదో తెలియని ఇంటివారికి ఆ తేడా ఒక్కొక్కసారి ప్రాణం మీదికి వచ్చేది.

సంచితో మొదలు

పేరు వేసిన వస్తువును పంచే వ్యాపారానికి పుట్టినిల్లు ఒహాయో రాష్ట్రంలోని కొషాక్టన్ అనే చిన్న పట్టణమని చెబుతారు. 1880లలో అక్కడ జాస్పర్ మీక్ అనే ఆయన వార్తాపత్రిక నడిపేవాడు. పత్రిక అచ్చయిన తరువాత ముద్రణాయంత్రం ఖాళీగా ఉండేది. ఊళ్లోని చెప్పుల కొట్టు యజమానితో మాట్లాడి, గోనెగుడ్డ సంచులమీద ఆ కొట్టు పేరు అచ్చువేసి బడిపిల్లలకు ఇప్పించాడు. పిల్లలు పుస్తకాలు మోసుకుంటూ వీధి వీధికీ కొట్టు పేరు కూడా మోశారు. అదే ఊళ్లోని మరొక పత్రికాధిపతి హెచ్. డి. బీచ్ పోటీకి దిగాడు. త్వరలోనే వారు రేకుమీద రంగుల్లో అచ్చువేయడం నేర్చుకున్నారు. 1896లో మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్ నగరంలో బ్రౌన్ అండ్ బిగెలో అనే సంస్థ ఇటువంటి వ్యాపారానికే పుట్టింది. కోకాకోలా కంపెనీ 1913 ఒక్క సంవత్సరంలోనే తన పేరు వేసిన 10 కోట్లకు పైగా వస్తువులను పంచిందంటారు. విసనకర్రలు, అగ్గిపెట్టెలు, పళ్లేలు, వాటితోపాటు థర్మామీటర్లు.

వర్తకుడు థర్మామీటరును ఎందుకు ఎంచుకున్నాడో ఆలోచిస్తే అతని తెలివి కనబడుతుంది. కేలండరు డిసెంబరు నెలాఖరుకు చెత్తలోకి పోతుంది. థర్మామీటరుకు సంవత్సరం మారదు. నాలుగు మేకులు కొడితే ఇరవై ఏళ్లు ఉంటుంది. పైగా ఇంటివారు దానివైపు రోజుకు నాలుగైదుసార్లు చూస్తారు, చూసినప్పుడెల్లా షావుకారి పేరు కంటబడుతుంది. మంచు కురిసే ఉదయం ఆ పేరు బొగ్గుల వర్తకుడిదైతే వేరే ప్రకటన ఎందుకు? మండు వేసవిలో అది చల్లని పానీయం పేరైతే దాహం దానంతట అదే వేస్తుంది. మోటారు ఇంజనులో నీరు గడ్డకట్టకుండా పోసే ద్రవం అమ్మే ప్రెస్టోన్ కంపెనీ ఎనామెల్ పూసిన పొడవాటి థర్మామీటర్లను పెట్రోలు బంకుల గోడలకు పెట్టించింది. విరేచనపు మందు చేసే ఎక్స్-లాక్స్ వారు మందుల కొట్ల ముందు పెట్టించారు. దానికీ ఎండకూ వానకూ ఏమి సంబంధమో మాకైతే బోధపడలేదు.

ఆ పెద్దవి కొట్ల గోడలకు. ఇళ్లకు చేరినవి చిన్నవి. రేకువి, చెక్కవి, అట్టవి, అద్దం కట్టిన చిన్న పటాలు. ఇచ్చినవారు ఊరి బ్యాంకువారు, పశువుల దాణా మిల్లువారు, ధాన్యం కొనే గిడ్డంగివారు, కిరసనాయిలు డీలరు. పటం పక్కన సన్నని గాజు గొట్టం, కింద వర్తకుని పేరు, టెలిఫోను నెంబరు. ఆ దేశంలో భూస్థాపన ఏర్పాట్లు చూసే వ్యాపార సంస్థలుంటాయి. వారూ ఇచ్చారు. సంఘాలకు పేరు వేసిన విసనకర్రలు పంచినవారు వారే. వారి థర్మామీటర్లమీద కాపరియైన క్రీస్తు చిత్రమో, ప్రార్థించే చిన్నపిల్ల బొమ్మో ఉండేది. ఎప్పటికైనా అవసరం పడే సేవ గనుక నెంబరు గోడమీద ఉండడం మంచిదని వారి లెక్క. సిగరెట్ల కంపెనీలు, నమిలే పొగాకు కంపెనీలు కూడా ఇదే దారి పట్టాయి. పొగాకు ముట్టని ఇంటి వరండాలో, పిల్లలు రోజూ చూసేచోట, పొగాకు పేరు ఎర్రటి అక్షరాలతో వ్రేలాడడం ఊరికే వచ్చిన వస్తువుకు చెల్లించిన వెల అని మా అభిప్రాయం.

రైతు ఇంట్లో దాని పని

థర్మామీటరు కొత్త వస్తువేమీ కాదు. ఫారన్‌హీట్ పాదరసపు థర్మామీటరును 1714లో తయారుచేశాడు, తన కొలతను 1724లో ప్రకటించాడు. న్యూయార్కు రాష్ట్రంలోని రాచెస్టరులో 1851లో జార్జ్ టేలర్, డేవిడ్ కెండల్ కలిసి స్థాపించిన కంపెనీ కాలక్రమాన ఈ రకం పనిముట్లకు పెద్ద పేరు తెచ్చుకుంది. అయితే డబ్బిచ్చి కొనడానికి వెనుకాడే పేద రైతు ఇంటికి దాన్ని చేర్చినవాడు ఊరి షావుకారే. ఆ మేలును మనము తక్కువ చేయకూడదు.

పాడి ఉన్న ఇంట్లో మీగడ చిలకాలంటే అది సుమారు 60 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో 15 లేక 16 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. ఎక్కువైతే వెన్న జారిపోతుంది, తక్కువైతే ఎంతసేపు చిలికినా కట్టదు. కోడిగుడ్లను యంత్రంలో పొదిగించేవారికి 100 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర, అంటే సుమారు 38 సెల్సియస్ దగ్గర, వేడి కుదురుగా నిలవాలి. పండ్లతోటలవారు వసంతకాలపు రాత్రి పూత మీద మంచు పడుతుందేమోనని 32 డిగ్రీల గీత, అంటే సున్నా సెల్సియస్, చూస్తూ మేలుకొని ఉండేవారు. గోడకు తగిలించిన థర్మామీటరు వెన్నలోనో గుడ్ల పెట్టెలోనో ముంచేది కాదు గాని, ఏ రోజు ఏ పనికి అనుకూలమో ఆ గీతలు చూసి తెలుసుకోవడం దానివలన అలవాటైంది.

అయితే థర్మామీటరు చెప్పేది ఈ క్షణపు సంగతి. రేపు ఏమవుతుందో దానికి తెలియదు. 1888 జనవరి 12న అమెరికా మధ్య మైదానాల్లో, డకోటా, నెబ్రాస్కా, మిన్నెసోటా ప్రాంతాల్లో ఉదయం చలికాలానికి తగని వెచ్చదనం. గొట్టంలోని గీత పైకి ఎక్కింది. దాన్ని చూసి ఆనందించనివారు ఎవరు? పిల్లలు పలచని బట్టలతో బడికి వెళ్లారు, మగవారు పొలాలకు, పశువుల మేతకు వెళ్లారు. పగటివేళ ఉన్నట్టుండి మంచు తుఫాను విరుచుకుపడింది, చలి భయంకరంగా పెరిగింది. చనిపోయినవారు 235 మంది అని లెక్క కట్టారు. వారిలో బడి నుండి ఇంటికి చేరలేకపోయిన పిల్లలు చాలామంది. అందుకే చరిత్రలో దానికి బడిపిల్లల మంచు తుఫాను అని పేరు వచ్చింది. వెచ్చని ఉదయాన్ని చూపిన థర్మామీటరు అబద్ధమాడలేదు. దాన్ని అడగని ప్రశ్నకు అది జవాబు చెప్పిందని జనం అనుకున్నారు.

నటించేవి

సరిగ్గా ఆ దశాబ్దంలోనే పత్రికల్లో ఒక ప్రకటన విరివిగా వచ్చేది. న్యూయార్కు రాష్ట్రపు ఆస్వీగో పట్టణంలో తయారైన పూల్ వారి సిగ్నల్ సర్వీస్ బారోమీటరు, వెల ఒక డాలరు. చెక్కపలకమీద ఒక పక్క థర్మామీటరు, ఇంకొక పక్క ఏదో ద్రవం నింపి మూసిన గాజు గొట్టం. వాతావరణంలో మార్పును 12 నుండి 48 గంటల ముందే చూపుతుందని, రైతులు దాన్ని నమ్మి పనులు పెట్టుకోవచ్చునని ఆ ప్రకటన చెప్పింది. సిగ్నల్ సర్వీస్ అనేది 1870 నుండి ఆ దేశంలో వాతావరణ సమాచారం సేకరించిన సైనిక శాఖ పేరు. వస్తువుకు ఆ పేరు తగిలిస్తే జనం నమ్ముతారు గదా! పేరులో బారోమీటరు ఉన్నదే గాని అందులో గాలి ఒత్తిడిని కొలిచేది ఏదీ లేదు.

ఆ గాజు గొట్టాన్ని స్టార్మ్ గ్లాస్ అంటారు. అందులో ఉండేది సారా, నీరు, కర్పూరం, సురేకారం, నవాసాగరం. చలివేస్తే కర్పూరం తెల్లని ఈకల్లాగా, నక్షత్రాల్లాగా గడ్డకడుతుంది, వెచ్చబడితే కరుగుతుంది. చూడటానికి ఎంతో అందం. తుఫాను రాకను చూపుతుందని తరతరాలుగా నమ్మారు. జపాను పరిశోధకులు దాన్ని పరీక్షించి, గడ్డకట్టడానికి కారణం వేడి చలుల మార్పు మాత్రమేనని 2008లో ప్రచురించారు. అంటే పలక ఎడమవైపు ఉన్న థర్మామీటరు అంకెల్లో చెప్పిన మాటనే కుడివైపు గొట్టం బొమ్మల్లో చెప్పింది.

రంగు మారే కార్డుల సంగతి కొంచెం మెరుగు. వర్తకులు పంచిన ఈ కార్డులమీద పువ్వుకో, అమ్మాయి గౌనుకో కోబాల్టు క్లోరైడ్ అనే లవణం పూసి ఉండేది. గాలి పొడిగా ఉంటే నీలం, తేమగా ఉంటే గులాబీ రంగు. జర్మనీ వైపు నుండి వచ్చిన చెక్క బొమ్మరిల్లు కూడా ఇటువంటిదే. ఎండ వస్తే స్త్రీ బొమ్మ, వాన అయితే గొడుగు పట్టుకొన్న పురుషుని బొమ్మ బయటికి వస్తుంది. లోపల ఉన్నది పశువుల పేగుతో పేనిన తాడు ముక్క. తేమకు దాని పురి వదులవుతుంది, పొడిగాలికి బిగుస్తుంది, బొమ్మలు నిలిచిన పుల్ల అటూ ఇటూ తిరుగుతుంది. ఇవి అబద్ధం కావు. కాని ఇవి చెప్పేది ఆ గదిలోని తేమను గురించి. వంటింట్లో పెట్టి అన్నం వార్చితే గొడుగు మనిషి తప్పక బయటికి వస్తాడు!

రేపటి మాట చెప్పగలిగేది

ఇంట్లో వ్రేలాడే వాటిలో రాబోయే గాలివానను నిజంగా పసిగట్టగలిగినది బారోమీటరు ఒక్కటే. అది గాలి బరువును, అంటే ఒత్తిడిని కొలుస్తుంది. ఇటలీలో టొరిచెల్లి 1643లో పాదరసంతో దీన్ని కనిపెట్టాడు. 1844లో ఫ్రెంచివాడైన లూసియన్ విడీ పాదరసం లేకుండా, లోపలి గాలి తీసివేసిన పలచని లోహపు డబ్బీతో చేశాడు. ఒత్తిడి పెరిగితే డబ్బీ నొక్కుకుంటుంది, తగ్గితే ఉబ్బుతుంది, ఆ కదలికను ముల్లు చూపుతుంది. ధర దిగింది, గోడకు తగిలించే వీలు కలిగింది. ఆ తరువాతనే వ్యాపారులు తమ మంచి ఖాతాదారులకు బహుమానంగా ఇవ్వగలిగారు. అందరికీ కాదు. థర్మామీటరు అందరికీ, బారోమీటరు పెద్ద రైతుకు.

దాని ముఖంమీద అంకెలతోపాటు మాటలు ఉంటాయి: 28 అంగుళాల దగ్గర తుఫాను, 29 దగ్గర వాన, 29½ దగ్గర మార్పు, 30 దగ్గర నిర్మలం. ఈ మాటలే ఎందరినో తప్పుదారి పట్టించాయి. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి బరువు తగ్గుతుంది, సుమారు వెయ్యి అడుగులకు ఒక అంగుళం చొప్పున. సముద్రానికి 5,280 అడుగుల ఎత్తున ఉన్న డెన్వరు నగరంలో సరిచేయకుండా తగిలిస్తే ముల్లు 25 దగ్గర ఆగి, సంవత్సరమంతా తుఫానుకన్న కిందనే ఉంటుంది. అంత దూరం ఎందుకు, మన హైదరాబాదు సుమారు 1,770 అడుగుల ఎత్తు. అక్కడ మండుటెండలో కూడా అది 28 దగ్గర నిలిచి తుఫాను తుఫాను అంటుంది. వెనుక చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని త్రిప్పి ఆ ఊరి ఎత్తుకు సరిచేయాలి. ఊరికే వచ్చిన వస్తువుతోపాటు ఆ మాట చెప్పే మనిషి రాడు గదా.

ఈ సంగతి అందరికన్న బాగా చెప్పినవాడు రాబర్ట్ ఫిట్జ్‌రాయ్. బ్రిటిషు నౌకాదళపు అధికారి, డార్విన్ ప్రయాణించిన బీగిల్ ఓడకు కెప్టెను, 1854లో ఆ దేశపు వాతావరణ శాఖకు మొదటి అధిపతి. ముఖంమీది మాటలను పట్టించుకోవద్దు, ముల్లు ఎక్కుతున్నదా దిగుతున్నదా, ఎంత వేగంగా అనేదే చూడండి అని ఆయన బోధ. 1850ల చివర ఆయన పేద జాలర్ల గ్రామాలకు బారోమీటర్లు పంపించే ఏర్పాటు చేశాడు. సముద్రంలోకి వెళ్లేముందు అందరూ చూడగలిగేటట్టు రేవు దగ్గర పెట్టించాడు. 1859 అక్టోబరులో రాయల్ చార్టర్ అనే ఓడ వేల్సు తీరంలో పగిలి సుమారు 450 మంది మునిగిపోయిన తరువాత తుఫాను హెచ్చరికల పని ఆరంభించాడు. 1861లో పత్రికలో వాతావరణ సూచన అచ్చయింది. ఇదీ ఊరికే ఇచ్చిన పనిముట్టే, అయితే దానిమీద ఏ కొట్టు పేరూ లేదు. ఆయన 1865లో మరణించాక వర్తకులు ఆయన పేరునే వాడుకున్నారు. ఫిట్జ్‌రాయ్ బారోమీటరు అని పేరు పెట్టి, పక్కన స్టార్మ్ గ్లాసు కూడా తగిలించి లెక్కలేనన్ని అమ్మారు.

1938 సెప్టెంబరు 21న అమెరికా ఈశాన్య తీరాన్ని కొట్టిన పెనుతుఫాను గురించి అక్కడ ఒక కథ చెప్పుకుంటారు. లాంగ్ ఐలాండులో ఒకాయనకు ఆ ఉదయమే కొత్త బారోమీటరు టపాలో వచ్చింది. విప్పి చూస్తే ముల్లు తుఫాను దగ్గర ఉంది. తట్టాడు, ఊపాడు, కదలలేదు. చెడిపోయిన వస్తువు పంపారని కొట్టువారికి కోపంగా ఉత్తరం రాసి, టపాలో వేయడానికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి ఇల్లు లేదు. కథలో ఎంత నిజమున్నా తుఫాను మాత్రం నిజం. అందులో ఆరువందలకు పైగా జనం చనిపోయారు.

మన తీరం వారికి ఈ ముల్లు దిగడం అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. 1864 నవంబరు 1న మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది, 1977 నవంబరు 19న దివిసీమలో సుమారు 10,000 మంది పోయారు. సైక్లోన్ అనే మాటను 19వ శతాబ్దంలో పుట్టించిన హెన్రీ పిడింగ్‌టన్ తన పరిశోధనలో మన కోరింగ రేవును ముంచిన తుఫానులను కూడా లెక్కలోకి తీసుకున్నాడు. కలకత్తా రేవులో తుఫాను హెచ్చరికల పద్ధతి 1865లో మొదలైంది, భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. రేవులో ఎగురవేసే ఒకటో నెంబరు, పదో నెంబరు ప్రమాద సూచికల వెనుక ఉన్నది ఎన్నోచోట్ల ఒకేసారి చూసిన బారోమీటర్ల లెక్కే. ఒక ఇంటి గోడమీది ముల్లు ఎంత నిజం చెప్పినా, ఆ లెక్కకు అది సాటిరాదు. ప్రభువు కాలంలోనే జనం ఆకాశపు ఎరుపును చూచి రేపటి ఎండవానలను చెప్పేవారన్న సంగతి మత్తయి సువార్త 16వ అధ్యాయం చదివినవారికి తెలుసు. ఆ చూపు మన రైతులకు, జాలర్లకు నేటికీ ఉన్నది. అయినా రేడియోలోనో ఫోనులోనో హెచ్చరిక వచ్చిన రోజున ఆకాశం తేటగా ఉన్నదని గానీ, పాతకాలపు పనిముట్టు ఏమీ చూపడం లేదని గానీ ఇంటి దగ్గర ఆగకూడదు.

ఇప్పుడు అవి ఎక్కడ

ఆ రేకులు, పటాలు ఇప్పుడు పాత వస్తువులు పోగుచేసేవారి చేతుల్లో ఉన్నాయి. ఊరికే వచ్చినవాటికి నేడు మంచి ధరలు పలుకుతున్నాయి, అందువలన కొత్తగా చేసి పాతవాటిలా కనబడేటట్టు చేసినవీ బజారులో తిరుగుతున్నాయి. వయసు కట్టడానికి వర్తకుని చిరునామాయే ఆధారం. టెలిఫోను నెంబరులో రెండు మూడు అంకెలే ఉంటే చిన్న ఊరి పాత రోజులది. పెద్ద నగరం పేరు తరువాత ఒకటి రెండు అంకెల తపాలా మండలం ఉంటే 1943 తరువాతది. అయిదంకెల పిన్ కోడ్ వంటిది ఉంటే 1963 తరువాతదే.

అమెరికాలో ఉన్న పిల్లలు ముచ్చటపడి ఇటువంటిదొకటి తెచ్చి ఇస్తే ఎండ తగలని గోడకు, మనిషి ఛాతీ ఎత్తున, పొయ్యికి దూరంగా తగిలించండి. ఎండలో పెడితే అది గాలి వేడిని కాక తన వేడినే చూపుతుంది. ఎర్రని గీత మధ్యలో తెగిపోయి ఉంటే గొట్టాన్ని నిలువుగా పట్టుకొని అరచేతిమీద మెల్లగా తట్టండి, చాలావరకు కలిసిపోతుంది.

గొట్టంలో ఉన్నది ఎరుపో నీలమో అయితే అది రంగు కలిపిన సారా, భయం లేదు. వెండిలా మెరిస్తే పాదరసం అనుకోండి. జ్వరం చూసే పాత థర్మామీటరు మన ఇళ్లలో ఇంకా ఉన్నది గనుక ఈ మాట అందరికీ పనికివస్తుంది. పాదరసపు ఆవిరి విషం. జపానులోని మినమాటా పట్టణం పేరుతో 2013లో ఆమోదించిన ఒప్పందం ప్రకారం పాదరసంతో థర్మామీటర్లు, బారోమీటర్లు తయారుచేయడం, దేశాల మధ్య అమ్మడం 2020తో ఆపాలని నిర్ణయించారు. మన దేశం 2018లో ఆ ఒప్పందాన్ని ధ్రువపరచింది. పగిలితే ముందు పిల్లలను బయటికి పంపి కిటికీలు తెరవండి, ఫ్యాను ఆపండి. చీపురుతో ఊడ్చవద్దు, చిన్న చిన్న బొట్లై ఇల్లంతా చెదురుతుంది. చేతి ఉంగరాలు, గాజులు తీసివేయండి, పాదరసం బంగారాన్ని పట్టుకుంటుంది. రెండు గట్టి అట్టముక్కలతో బొట్లను ఒకచోటికి చేర్చి, మిగిలినవాటిని అంటుకునే టేపుతో ఎత్తి, మూత గట్టిగా పడే సీసాలో వేయండి. కాలువలోనో పెంటకుప్పమీదనో పారవేయక, దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రివారిని అడిగి వారు చెప్పినచోట అప్పగించండి.